చదువనొల్లడా? చదువలేడా?



నా అపరాధమొకటి ముందుగా ఒప్పుకొనవలెను. గడ్డిఅన్నారములో పండ్ల మార్కెట్టు ఉన్న దినములవి. 2021లో అది బాటసింగారమునకు తరలిపోయినది. అచ్చట హమాలీ పని చేయు ఒక సహోదరుని కుమారుడు, పదియేండ్లవాడు, మా సండేస్కూలుకు వచ్చెడివాడు. కథ ఒక్కసారి విన్న యెడల వారము తరువాత పొల్లుపోకుండ చెప్పును. మామిడిపండ్ల పెట్టెల లెక్క నోటితోనే కట్టును. పుస్తకము చేతికిచ్చితిమా, "మ"ను "య" అనును, ఒత్తులు విడుచును, చెమటలు పట్టి నిలిచిపోవును. ఒకనాడు సంఘమంతటి యెదుట వానిని నిలువబెట్టి చదువుమంటిని. చదువలేకపోగా "సోమరీ" అంటిని. పిల్లలు నవ్విరి. మరుసటి ఆదివారము వాడు రాలేదు.

నా తప్పు ఎక్కడ? చదువనొల్లనివాడు వేరు, చదువలేనివాడు వేరు. నింద మనస్సు చేసిన దానికి తగును గాని శక్తి లేమికి తగదు. చూపులేనివాడు త్రోవ తప్పినందుకు వానిని కొట్టుదుమా? అయితే ఈ కొరత పైకి కనబడదు. కనబడని కొరతకు మనము దుర్గుణమని పేరు పెట్టుచున్నాము.

దీనిని డిస్లెక్సియా అందురు. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు 14 ఏండ్ల బాలుని గూర్చి వ్రాసెను. పాఠములన్నియు నోటితోనే చెప్పినయెడల బడిలో వీడే అందరికంటె చురుకైనవాడగునని వాని ఉపాధ్యాయుడే చెప్పెనట! ఇది బుద్ధిమాంద్యము కాదు, కంటి జబ్బు కాదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరములతో జతపరచు పని వారి మెదడుకు కష్టము. మన తెలుగులో "స్త్రీ" అను ఒక్క అక్షరములోనే మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నవి గదా! ఇది తరచుగా కుటుంబములలో వచ్చును.

"అయితే సోమరులే లేరా?" అందువేమో. ఉందురు. కాని తీర్పుకు ముందు విచారణ ఉండవలెను. బిడ్డకు కన్ను, చెవి బాగుగా నున్నవా? బడికి సరిగా పోయెనా? మాటలో చురుకై, ప్రయాసపడియు, అక్షరము దగ్గరనే తొట్రిల్లుచున్నాడా? అట్లయిన బెత్తము విడువుము.

ఇంకొక తప్పును కలదు. "పాపము, వీనికి చదువు రాదు" అని బడి మాన్పించి కూలికి పంపుట. ఆ జాలియు అన్యాయమే. వాడు నేర్చుకొనగలడు, నిదానముగా, వేరు త్రోవను. దినమునకు ఒకటి రెండు అక్షరములు ఇసుకలో వ్రేలితో దిద్దించుచు, ఆ ధ్వనిని బిగ్గరగా పలికించుము. మన వీధిబడుల పద్ధతి ఇట్టివారికి మేలు చేయును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ కొరతను గుర్తించినది. దీనిని త్వరగా కనిపెట్టుట బడుల బాధ్యత అని చెప్పినది. పరీక్షలో అదనపు సమయమునకు, వ్రాసిపెట్టు సహాయకునికి చోటిచ్చినది. ప్రభుత్వ బడికి ఆరోగ్య బృందము వచ్చినప్పుడు ఈ సంగతి అడుగుము.

పిమ్మట నేను వారి యింటికి పోయితిని. "నాకును చిన్నప్పుడింతే అయ్యగారూ, దెబ్బలకు భయపడి బడి మానితిని" అని తండ్రి తలవంచుకొనెను. నేను బాలుని క్షమాపణ అడిగితిని. వాడు చాలసేపు నన్ను చూచి, "మళ్లీ అందరి ముందర చదవమనరు గదా, అయ్యగారూ?" అనెను.

చదువరీ, నీ సంఘములోను అట్టి బిడ్డ వెనుక బల్లమీద కూర్చుండి యుండవచ్చును. ఈ ఆదివారము వానిని కథ చెప్పుమని అడుగుము.