మొదటి మజిలీ

ఒక గ్రంథము పదిమందికి నచ్చి పదునొకండవవానికి నచ్చనిచో, లోపము గ్రంథమునదా, చదువరిదా? ఈ ప్రశ్నకు నేను చిరకాలము తొందరపడి సమాధానము చెప్పుచుంటిని.

దోమలగూడలో కాపురముండి పిల్లలకు చదువు చెప్పుకొనువాడను. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీకథల మొదటి భాగమును నా తరగతిచే చదివించితిని. పండ్రెండు భాగముల యా యద్భుతకథామాలకు అది ముఖద్వారము. మణిసిద్ధుడు కాశికి పోవుచు, తోడువచ్చు పసులకాపరి కుఱ్ఱవానికి మజిలీమజిలీకి కథ చెప్పును.

కొందఱు పిల్లలు ముగ్ధులై రెండవ భాగము చిక్కడపల్లి గ్రంథాలయమున దొరకునా యని యడిగిరి. ఒక తండ్రి, పిల్లలకు మాయమంత్రముల యసత్యములు తగునా యనెను. 1951 నాటి పాతాళభైరవి చిత్రమునకు ఈ కథలే ప్రేరణ యని చెప్పగా నవ్వి యూరకుండెను. ఒక బాలిక మాత్రము లేచి, “సార్, కథలో కథ వచ్చేసరికి మొదటిది మరచిపోయాను. ఎవరికి ఏమవుతుందో అన్న ఆత్రుత కలగలేదు” అనెను. నీకు రసజ్ఞత చాలదంటిని. తరగతి నవ్వెను.

మఱుసటి వారము ఆమె వ్రాసి తెచ్చిన యభిప్రాయమంతయు పొగడ్తయే. అందొక్క మాటయు ఆమెది కాదు; అన్నియు నావే. నేను నేర్పినది సాహిత్యము కాదు, అసత్యము.

మంత్రపుమణి కల్పితమని పసివానికిని తెలియును. అది యెవరిని వంచింపదు. నచ్చనిదానిని నచ్చెననుట యట్లు కాదు. మన యాలంకారికులు కోరిన సహృదయత్వమైనను, 1817లో ఆంగ్లకవి కోల్రిడ్జి చెప్పినట్లు చదువరి తన యపనమ్మకమును తానై కొంతసేపు ప్రక్కనుంచుటయైనను, లోపలినుండి రావలసినదే కాని పంతులు శాసించిన వచ్చునది కాదు.

అట్లని ప్రతి విసుగును తీర్పు కాజాలదు. “నాకు నచ్చలేదు” అనుట సాక్ష్యము; “ఇది చెడ్డది” అనుట తీర్పు. సాక్ష్యమునకు మొదటి మజిలీ చాలును. తీర్పునకు కాశిదాక నడువవలెను. పొగడ్తకును ఇదే నియమము. నేను దానిని మఱచితిని.

కథ చెప్పినఁగాని నడువనన్న యా కాపరిని రసహీనుడని యెవరైన ననిరా? తన కోరికను దాచక చెప్పెను. అందుచేతనే కథలు పుట్టినవి.

తరగతి యెదుటనే ఆ బాలికతో, తప్పు నాదని చెప్పితిని. ఆమె రెండవ భాగమును తీసికొనలేదు. ఏల యని నేను అడుగలేదు.