గాలిలో దీపం, దైవానికి వాటా

గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నాడట అని ఎదుటివారి అజాగ్రత్తను ఎత్తిపొడుస్తుంటాం. ఆ సామెతలోని చిక్కు మాత్రం అంత తేలిగ్గా విడేది కాదు. గాలి మన మాట వినదు, దీపం పెట్టకుండా పూట గడవదు. మరి మనిషి బాధ్యత ఎక్కడ ముగిసి దేవుడి భారం ఎక్కడ మొదలవుతుంది? వేదాంతులు శతాబ్దాలుగా వాదించుకుంటున్న ఈ ప్రశ్నకు రోజూ అంకెల్లో జవాబు రాసి, కింద సంతకం పెట్టే ఉద్యోగం ఒకటి ఉంది. అది విమానాల డిస్పాచర్ ఉద్యోగం. వారు విమానం నడపరు, ఎక్కరు కూడా. నేల మీద ఒక గదిలో కూర్చుని పైగాలుల లెక్కలు, వాతావరణ సూచనలు, రన్‌వేల సమాచారం చూసి విమానం ఏ దారిన, ఏ ఎత్తున, ఎంత ఇంధనంతో వెళ్లాలో, దిగాల్సిన చోట దిగలేకపోతే ఎక్కడికి మళ్లాలో తేలుస్తారు. వారి పనిని దగ్గరగా చూస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. దైవాన్ని నమ్మేవారు దానికి ఇవ్వాల్సిన వాటాను పని మొదలుపెట్టక ముందే తీసి పక్కన పెట్టాలి. పని చెడ్డాక దాని పేరెత్తడం భక్తి కాదు, బాధ్యత తప్పించుకోవడం.

మే నెలలో ఒక సాయంత్రం శంషాబాద్‌లో దిగాల్సిన విమానం ఉందనుకుందాం. డిస్పాచర్ ముందున్న వాతావరణ సూచనలో ఇలాంటి వరుస ఒకటి ఉండవచ్చు: ప్రాబ్30 టెంపో 1112/1115 1500 టీఎస్‌ఆర్‌ఏ. పదకొండో తేదీ మన గడియారం ప్రకారం సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర లోపు, ఉరుములతో కూడిన వాన వల్ల విజిబిలిటీ ఉండుండి 1,500 మీటర్లకు పడిపోయే అవకాశం నూటికి 30 పాళ్లు ఉందని దీని అర్థం. ఇందులో ప్రతి ముక్కకూ నియమం ఉంది. అవకాశం 30 పాళ్లకు లోపైతే దాన్ని సూచనలో రాయదగినదిగా లెక్కించరు. 30 లేదా 40 అయితే అలా అని చెబుతారు. 50కి చేరిందంటే ఇక 'ప్రాబ్' అనే మాట ఉండదు, అది జరుగుతుందన్నట్టే రాస్తారు. 'టెంపో' అన్నారంటే ఆ మార్పు ఒక్కో విడత గంటలోపే ఉంటుంది, అన్నీ కలిపినా చెప్పిన వ్యవధిలో సగానికి మించదు. తనకు తెలిసినదెంతో, తెలియనిదెంతో ఇంత నిజాయితీగా విడదీసి చెప్పే భాష మరెక్కడైనా ఉందా అంటే నాకు తట్టడం లేదు. భవిష్యత్తు గురించి మాట్లాడే మనలో చాలామందిమి, జ్యోతిష్కులైనా రాజకీయ విశ్లేషకులైనా, ఈ పని చేయం. తెలియనిదాన్ని దాచేస్తాం, లేదంటే తెలియదు కాబట్టి ఏమీ చేయలేమని చేతులెత్తేస్తాం.

తెలియనితనం ఎప్పటికైనా తొలగిపోయే లోపం కూడా కాదు. వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లో కంప్యూటర్ మీద వాతావరణ నమూనా ఒకటి నడుపుతూ, మధ్యలో ఒక చోట 0.506127 అనే అంకెను 0.506గా కుదించి మళ్లీ ఎక్కించారు. కాసేపటికి రెండో లెక్క మొదటిదాన్ని పూర్తిగా విడిచి తన దారిన పోయింది. దానిపై ఆయన 1963లో ప్రచురించిన పరిశోధనా పత్రం ఒక సత్యాన్ని స్థిరపరిచింది. నియమాలన్నీ ఖాయంగా ఉన్నా, మొదటి కొలతలో వెంట్రుకవాసి తేడా ఉంటే కొన్నాళ్ల తర్వాతి ఆకాశం మన లెక్కకు అందదు. ఆకాశంలోని ప్రతి అణువునూ కొలవడం మనిషికి సాధ్యం కాదు గనుక, ఎంత పెద్ద కంప్యూటర్ వచ్చినా డిస్పాచర్ బల్ల మీద కొంత చీకటి మిగిలే ఉంటుంది.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో, ఏ పని నెరవేరాలన్నా ఐదు కారణాలు కలవాలని కృష్ణుడు చెబుతాడు. పనికి ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. వ్యాఖ్యాతలు ఈ ఐదోదాన్ని ఒకేలా చదవలేదు. శంకరులు దాన్ని కంటికి సూర్యుడిలా ఇంద్రియాలకు తోడ్పడే దేవతలుగా తీసుకున్నారు, రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మగా తీసుకున్నారు. నాస్తికులైతే అదంతా వట్టి సంభావ్యతేనని కొట్టిపారేయవచ్చు. నా వాదనకు ఆ తగవు తేలనవసరం లేదు. నాకు ముఖ్యంగా కనిపించేది దైవాన్ని ఆ వరుసలో పెట్టిన తీరు. అది మిగతా నాలుగింటినీ మింగేసే శక్తిగా రాలేదు, ఐదింటిలో ఒకటిగా వచ్చింది. అంటే పనికి పూనుకునేటప్పుడే లెక్కలోకి తీసుకోవాల్సిన కారణాల్లో అదీ ఒకటి. డిస్పాచర్ ఇంధనం లెక్క చూడండి. గమ్యం దాకా కాలేది, అక్కడి నుంచి ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి వెళ్లడానికి పట్టేది, ఆపైన అమెరికా దేశీయ విమానాలకైతే మామూలు వేగంతో మరో 45 నిమిషాలు ఎగరడానికి సరిపడేది. ప్రత్యామ్నాయం ఎప్పుడు రాయాలన్నదీ అక్కడి నిబంధనల్లో కొలిచే చెప్పారు. విమానం చేరే వేళకు గంట ముందు నుంచి గంట తర్వాత వరకు గమ్యంలో మేఘాల అడుగు కనీసం 2,000 అడుగుల ఎత్తున, విజిబిలిటీ కనీసం 3 మైళ్లు ఉంటాయని సూచన భరోసా ఇవ్వకపోతే, ఇంకో ఊరి పేరు రాసి తీరాలి. దైవానికి ఇంత వాటా అని పౌండ్లలో తూచి ట్యాంకులో పోయడమంటే ఇదే.

దైవానికి చోటు ఇవ్వాలంటే ట్యాంకులు నిండా నింపేస్తే పోలేదా అని అడగవచ్చు. పోదు. ఇంధనాన్ని మోయడానికీ ఇంధనం కావాలి. దూరప్రయాణంలో అదనంగా వేసుకున్న దానిలో గంటకు దాదాపు నూటికి మూడు నాలుగు పాళ్లు దాన్ని మోయడానికే కాలిపోతుంది. బరువు పెరిగితే సరకో మనుషులో దిగిపోవాలి, దిగేటప్పుడు రన్‌వే మరింత పొడవు కావాలి. అవసరాన్ని మించిన జాగ్రత్త తానే కొత్త ప్రమాదాన్ని తెస్తుంది. అందుకే భయంతో చేసే పనికీ వివేకంతో చేసే పనికీ తేడా ఇక్కడ తూకంలోనే బయటపడుతుంది. ఈ రోజు, ఈ దారిలో, ఈ మేఘాలకు ఎంత అన్నది విడిగా ఆలోచించాలి. అన్ని రోజులకూ ఒకే కొలత వాడేవారు దైవాన్ని తలచుకున్నట్టు కాదు, ఆలోచన మానేసినట్టు.

ఈ బాధ్యత చట్టంలోకి ఎక్కిన తీరు కూడా మన ప్రశ్నకు సంబంధించిందే. 1935 మే 6న, కాన్సాస్ సిటీలో దిగాల్సిన టీడబ్ల్యూఏ విమానం అక్కడి పొగమంచు వల్ల దిగలేక, ఇంధనం అడుగంటుతుండగా కిర్క్స్‌విల్ వైపు వెళ్తూ మిస్సోరి రాష్ట్రంలోని అట్లాంటా అనే ఊరి దగ్గర కూలింది. చనిపోయినవారిలో న్యూమెక్సికో సెనేటర్ బ్రాన్సన్ కటింగ్ ఒకరు. ప్రభుత్వ విభాగం సంస్థను తప్పుపట్టింది, సెనేట్ నియమించిన కోప్‌లాండ్ కమిటీ ఆ ప్రభుత్వ విభాగాన్నే తప్పుపట్టింది. నింద ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతుంటే చివరికి దాన్ని మోసేది పొగమంచే అవుతుంది. 1938లో వచ్చిన పౌర విమానయాన చట్టం దీనికి అడ్డుకట్ట వేసింది. డిస్పాచర్‌కు లైసెన్సు వచ్చింది. నేటి అమెరికా నిబంధనల ప్రకారం విమానం బయలుదేరే ముందు పైలట్, డిస్పాచర్ ఇద్దరూ ఒకే పత్రం మీద సంతకం పెట్టాలి. ప్రయాణ పథకానికి, ఆలస్యానికి, విడుదలకు ఇద్దరిదీ ఉమ్మడి బాధ్యత. ఇద్దరిలో ఎవరు ఒప్పుకోకపోయినా విమానం కదలదు. ప్రమాదం జరిగాక బాధ్యులెవరని వెతికే అలవాటున్న లోకంలో, బయలుదేరక ముందే బాధ్యుల పేర్లు రాయించుకోవడం చిన్న మార్పేమీ కాదు.

దైవానికి తీసిపెట్టిన వాటాను మనిషే మెల్లగా తినేస్తే ఏమవుతుందో 1990 జనవరి 25 రాత్రి న్యూయార్క్ ఆకాశంలో తెలిసింది. కొలంబియా నుంచి కెన్నెడీ విమానాశ్రయానికి వస్తున్న ఏవియాంకా 52ను, కింద వాతావరణం బాగాలేక, మూడు చోట్ల మొత్తం గంటా పదిహేడు నిమిషాలు గాలిలోనే తిప్పారు. దాని ప్రత్యామ్నాయం బోస్టన్. నిలవ ఇంధనం నిమిషం నిమిషం కరిగింది. కంట్రోలర్లు ప్రత్యామ్నాయం ఏదని అడిగే వేళకు బోస్టన్ చేరే శక్తి విమానానికి లేదు. సిబ్బంది ప్రాధాన్యం ఇవ్వమన్నారు గానీ అత్యవసర స్థితిని ప్రకటించలేదు. మొదటిసారి దిగబోయి దిగలేక పైకి లేచారు. రెండోసారి తిరిగి వస్తుండగా నాలుగు ఇంజన్లూ ఆగి, విమానం లాంగ్ ఐలాండ్‌లోని కోవ్ నెక్ వద్ద కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. దర్యాప్తు నివేదిక సిబ్బందిని తప్పుపడుతూనే, అంత రద్దీ విమానాశ్రయానికి, అంత చెడ్డ వాతావరణంలో వస్తూ డిస్పాచర్ సాయం తీసుకోకపోవడం ప్రమాదానికి తోడ్పడిందని రాసింది. ఆ రాత్రి గాలి, వాన దైవమే కావచ్చు. ఆ గంటా పదిహేడు నిమిషాల్లో ఏ క్షణాన బోస్టన్‌కు మళ్లాలన్న ప్రశ్న మాత్రం పూర్తిగా మనుషులది. దాన్ని అడగాల్సినవారు అడగలేదు. వాటా తీసిపెట్టడం సగం పనే. దానికి కాపలా ఉండడం మిగతా సగం. అందుకే విమానం లేచాక కూడా డిస్పాచర్ దాన్ని కనిపెట్టుకుని ఉండాలని, భద్రతకు సంబంధించిన కొత్త సమాచారం వస్తే పైలట్‌కు చెప్పాలని నిబంధన.

అసలైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా లోకం చూసేది ఫలితాన్నే కదా? 1985 ఆగస్టు 2న డల్లాస్-ఫోర్ట్‌వర్త్ దగ్గర ఒకే ఉరుముల మేఘంలోంచి ఒక చిన్న లియర్‌జెట్ వెళ్లి క్షేమంగా దిగింది. దాని వెనకే అదే దారిన వచ్చిన డెల్టా 191 మేఘంలోంచి నేలకు విరుచుకుపడిన గాలికి చిక్కి కూలిపోయింది. 137 మంది ప్రాణాలు పోయాయి. ఆ మేఘంలోకి దిగాలన్న నిర్ణయం ఇద్దరిదీ ఒకటే. ఒకరిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, మరొకరి నిర్ణయాన్ని నివేదిక ప్రమాద కారణాల్లో ఒకటిగా రాసింది. తత్వవేత్తలు బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో నైతిక అదృష్టం పేరుతో ఎత్తిన చర్చ సరిగ్గా ఇదే. మన చేతిలో లేని అదృష్టాన్ని బట్టి మనుషుల్ని తూచడం న్యాయమేనా? న్యాయం కాదనే నేనంటాను. కానీ దాని నుంచి, అయితే ఎవరిదీ తప్పు కాదనే నిర్ణయానికి రాను. ఫలితం చూడకుండా తీర్పు చెప్పమంటే లియర్‌జెట్‌కూ అదే ప్రశ్న వేయాలి. క్షేమంగా దిగిన ప్రయాణాన్ని కూడా ఆ నిర్ణయం సరైనదేనా అని అడగాలి. జనవరిలో గన్నవరం మీద పొగమంచు కమ్మి విమానం హైదరాబాద్‌కు మళ్లినప్పుడు, కింద ఎదురుచూసేవారూ పైన ఉన్నవారూ విసుక్కోవడం సహజం. అయినా వారి పూట పాడుచేసిన ఆ నిర్ణయమే ఎక్కువసార్లు మంచి నిర్ణయం.

పైగా దైవం సరిహద్దు ఒక చోట ఆగి ఉండదు. 1975 జూన్ 24న న్యూయార్క్‌లో ఈస్టర్న్ 66 విమానం కూలినప్పుడు, మేఘం నుంచి ఇంత చిన్న మేర అంత బలంగా గాలి కిందికి దూకుతుందని వాతావరణ శాస్త్రంలోనే చాలామంది ఒప్పుకోలేదు. చికాగో విశ్వవిద్యాలయంలోని టెత్సుయా ఫుజిటా ఆ ప్రమాదాన్ని తవ్వి ఆ గాలిని పట్టుకున్నారు, తర్వాత దానికి మైక్రోబర్స్ట్ అని పేరు పెట్టారు. డెల్టా 191 తర్వాత ఆ ప్రమాదాన్ని పసిగట్టే పరికరాలు విమానాల్లో తప్పనిసరి అయ్యాయి. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి, దైవమనేది వెనకటి పురుష ప్రయత్నమే తప్ప వేరే వస్తువు కాదని, నేటి ప్రయత్నంతో దాన్ని జయించవచ్చని బోధిస్తాడు. ఆ సిద్ధాంతాన్ని నేను పూర్తిగా అంగీకరించను, లోరెంజ్ చూపిన చీకటికి అందులో చోటు లేదు. కానీ ఒక మేరకు అది అక్షరాలా నిజం. 1974లో దైవమన్నది 1994లో నిర్లక్ష్యం అవుతుంది. తెలిసిపోయినదాన్ని ఇంకా దైవం ఖాతాలో రాయడం, దైవాన్ని తక్కువ చేయడమే.

గీత చెప్పే నిష్కామ కర్మ అంటే ఫలితం పట్టకపోవడమే కదా, అలాంటి మనసుతో వందల ప్రాణాలకు సంతకం పెట్టవచ్చా అన్నది చివరి అభ్యంతరం. ఫలితం మీద హక్కు లేదన్న మాటను ఫలితం అక్కర్లేదన్న మాటగా చదివితేనే ఈ ఇబ్బంది వస్తుంది. డిస్పాచర్‌ను లాగే ఫలాలు వేరే ఉన్నాయి. వేళకు బయలుదేరిన విమానాల పట్టిక, తగ్గిన ఇంధన ఖర్చు, పై అధికారి మెప్పు. వాటి మీద ఆశ వదులుకున్నవారికే గమ్యంలోని మేఘం ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. ఇక నలభై అయిదు నిమిషాల నిలవ సంగతి చూడండి. దాదాపు ప్రతి విమానం దాన్ని ముట్టకుండానే దిగుతుంది. ఆ ఇంధనం ఏమి కాపాడిందో చెప్పడానికి ఆ రోజు ఏ ఆధారమూ దొరకదు, దాన్ని వేయించినవారికి ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు. లెక్కల పుస్తకంలో అది వాడకుండా మోసిన బరువు మాత్రమే. ఆ నిలవ మీద డిస్పాచర్ వేయించే అదనపు ఇంధనాన్నీ దుబారా కింద రాసి, వచ్చే ఏడు ఇంకాస్త తగ్గించమనే యాజమాన్యం, గీత విడిగా లెక్కపెట్టిన ఐదో కారణాన్ని మిగతా నాలుగింటిలో కలిపేసుకుంటోంది. ఆ పూట సంతకం పెట్టనని నిలబడే హక్కు డిస్పాచర్‌కు చట్టం ఇచ్చింది అందుకే.