రబ్బరు దాచెయ్యి తల్లీ

ఏమ్మా, మీవాడు కాపీ రాస్తూ ‘ఝ’ వంకర సరిగ్గా కుదరలేదని చెరిపిందే చెరిపి, కాగితం చిరిగేదాకా రబ్బరు అరగదీసి, చివరికి పెన్సిల్ విసిరికొట్టి ఏడుస్తుంటే, నువ్వేమో ‘మావాడికి అన్నీ పర్ఫెక్టుగా ఉండాలండీ’ అని మురిసిపోతున్నావు. మురిసిపోకు తల్లీ. నువ్వు శ్రద్ధ అనుకుంటున్నావు, వాడు లోపల భయపడుతున్నాడు. ఈ భయం ముదిరితే రాని పని జోలికే పోడు. జవాబు తెలిసినా క్లాసులో చెయ్యెత్తడు.

ఆ భయం వాడికి ఎక్కడిది? తొంభై ఎనిమిది మార్కులు తెస్తే ‘ఆ రెండూ ఎక్కడ పోయాయి’ అని మీ ఆయన నవ్వుతూనే అంటాడు. వాడికి ఆ నవ్వు గుర్తుండదమ్మా, ఆ రెండు మార్కులే గుర్తుంటాయి. పొగడ్తలోనూ జాగ్రత్త కావాలి. కరోల్ డ్వెక్, క్లాడియా ముల్లర్ అనే ఇద్దరు అమెరికాలో అయిదో తరగతి పిల్లలకు బొమ్మల చిక్కుప్రశ్నలిచ్చి చూసి, ఆ సంగతి 1998లో ప్రచురించారు. ‘నువ్వు తెలివైనవాడివి’ అనిపించుకున్న పిల్లల్లో చాలామంది ఆ తర్వాత తేలిక పనులే కోరుకున్నారు. మధ్యలో కష్టమైనవి ఇచ్చేసరికి డీలాపడి, మళ్ళీ తేలికవి ఇచ్చినా మునుపటంత బాగా చెయ్యలేకపోయారు. ‘బాగా కష్టపడ్డావు’ అనిపించుకున్నవాళ్ళు మాత్రం ఇంకా బాగా చేశారు.

‘తప్పయితే ఏం కాదులే నాన్నా’ అని నువ్వు వందసార్లు చెప్పు, వాడు నమ్మడు. చెబితే పోయే భయం కాదది, ఆడితే పోతుంది. రబ్బరు దాచేసి ఇద్దరూ ఎడమ చేత్తో ఏనుగు బొమ్మ వెయ్యండి. ఎవరి ఏనుగు ఎక్కువ వంకరగా వస్తే వాళ్ళదే గెలుపు. మొదట్లో వాడు మెల్లగా పెన్సిల్ కుడిచేతికి మార్చబోతాడు, చూడనట్టుండు. ఇంకోరోజు సుద్దముక్కతో చుక్కల ముగ్గు వెయ్యమను. గీత జారితే తడిగుడ్డ అందించకు. ఆ జారిన గీతనే ఆకు చెయ్యమను, పాము చెయ్యమను. పెనం మీద మొదటి దోసె అంటుకుపోయిందని ఎవరైనా వంట మానేస్తారా?

నన్నడిగితే అన్నిటికన్నా అష్టాచమ్మా ఆట మేలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, బోర్లా పడితే అష్టా. ఎంత గడుసువాడు వేసినా గవ్వ పడేది దాని ఇష్టమే. పండే గడికి నాలుగు గళ్ళ దూరంలో ఉన్న కాయను అవతలివాడు చంపేస్తాడు, మళ్ళీ ఇంటి దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే. అలా మళ్ళీ మొదలుపెట్టడం చేతికి అలవాటు కావాలమ్మా, వాడికి కావలసింది అదే. ఏడుస్తాడని జాలిపడి కావాలని ఓడిపోకు, వాడు కనిపెట్టేస్తాడు. నీ కాయ చచ్చినప్పుడు ‘అయ్యో, పోయిందిరా’ అని గట్టిగా అనుకుని, మళ్ళీ గవ్వలు వెయ్యి. వాడు నీ మొహమే చూస్తుంటాడు.

మధ్యలో అలిగి లేచిపోతే చెయ్యి పట్టి లాక్కురాకు. నువ్వూ మీ ఆయనా ఆడుతూనే ఉండండి, వాడే వచ్చి కూర్చుంటాడు. ఒకటి మాత్రం గుర్తుంచుకో. తప్పవుతుందన్న బెంగతో తిండీ నిద్రా మానేస్తున్నా, బడికే వెళ్ళనంటున్నా ఆటలతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి. మిగతా రోజుల్లో సాయంత్రం ఓ అరగంట ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి చాలు. ఇంట్లో గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఒకవైపు అరగదియ్యండి. ఆ అరగదీసే పని వాడికే అప్పజెప్పు. ఎగుడుదిగుడుగా వచ్చినా వాటితోనే ఆడండి.