చీటీ వేసి మందు ఇవ్వడం న్యాయమేనా?

ఒకే జబ్బుతో ఇద్దరు ఆసుపత్రిలో పడుకుని ఉన్నారు. కొత్త మందు ఒకరికి ఇచ్చి, ఇంకొకరికి ఇవ్వకుండా ఉండవచ్చా? అది కూడా చీటీ వేసినట్టు, ఎవరికి పడితే వారికి?

ఇది విన్నప్పుడు మా తాతకి కోపం వచ్చింది. "మనుషులేమన్నా ఆటబొమ్మలా, చీటీ ఎత్తి మందు పోసేదానికి?" అన్నాడు. మా హోసూరులో చాలామంది అట్లే అంటారనుకుంటాను. తాత కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ కోపం వెనక ఒక నమ్మకం దాక్కుని ఉంది. ఆ మందు పనిచేస్తుందని ముందే తెలుసు అనే నమ్మకం. తెలిసీ ఇవ్వకపోతే అది పాపమే. తెలియకపోతే?

కరోనా నుంచి కోలుకున్నవాళ్ళ రక్తంలోని ప్లాస్మాని రోగులకి ఎక్కిస్తే మేలు జరుగుతుందని 2020లో అందరూ ఆశపడ్డారు. మన ఐసీఎంఆర్ వాళ్ళు 39 ఆసుపత్రుల్లో 464 మందితో పరీక్ష చేశారు. సగం మందికి మామూలు వైద్యంతో పాటు ప్లాస్మా, మిగతా సగానికి మామూలు వైద్యం మాత్రమే. జబ్బు ముదిరినవాళ్ళు, చనిపోయినవాళ్ళు కలిపి ప్లాస్మా తీసుకున్న 235 మందిలో 44, తీసుకోని 229 మందిలో 41. అంటే తేడా ఏమీ లేదు. చీటీ వేయకుండా డాక్టరే మనుషుల్ని ఎంచుకుని ఉంటే, ప్లాస్మా కొనగలిగినవాళ్ళకి, కాస్త గట్టిగా ఉన్నవాళ్ళకే అది దొరికేది. వాళ్ళు ఎట్లా అయినా కోలుకునేవాళ్ళు, పేరు మాత్రం ప్లాస్మాకి వచ్చేది. చీటీకి ఉన్నోడు, లేనోడు అని తెలీదు కదా! నాకు అందులో న్యాయం కనిపించింది.

ఆ ఫలితం 2020 అక్టోబర్‌లోనే అచ్చయింది. అయినా 2021 మే నెలలో మా మామకి ఒక ఆసుపత్రిలో ప్లాస్మా తెమ్మని చీటీ రాసిచ్చారు. మా నాయన బండి వేసుకుని బెంగళూరు దాకా రెండు సార్లు తిరిగాడు. అవ్వ గొలుసు కుదువకి పోయింది. మామ బ్రతికాడు. "ఆ ప్లాస్మానే కాపాడింది" అని అవ్వ ఇప్పటికీ చెప్తుంది. ఒక్క మనిషిని చూసి అవునని గానీ కాదని గానీ చెప్పలేము. ఆ మాట అవ్వతో అనలేక ఊరుకుంటాను. ఆ నెల 17న ప్రభుత్వం తన వైద్య సూచనల్లోంచి ప్లాస్మాని తీసేసింది. నా దృష్టిలో ఇక్కడ జరిగిన అన్యాయం చీటీ వేయడం కాదు. 464 మంది ఒప్పుకుని ఇచ్చిన జవాబుని ఏడు నెలలు పక్కన పెట్టడం.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. బ్రిటన్‌లో రికవరీ అనే పరీక్ష 2020 మార్చిలో మొదలైంది. డెక్సామెథాసోన్ పాత మందు, చాలా చవక. 2104 మందికి అది ఇచ్చారు, 4321 మందికి ఇవ్వలేదు. ఇక్కడ కంప్యూటరే చీటీ వేసింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మందు లేనివాళ్ళు నూటికి 41 మంది చనిపోతే, ఉన్నవాళ్ళు 29 మంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి మాత్రం ఏ మేలూ జరగలేదు. జూన్ 16న ఆ సంగతి చెప్పగానే లోకమంతా వాడడం మొదలుపెట్టింది. కానీ మందు అందని ఆ 4321 మందిలో, అది అంది ఉంటే బ్రతికేవాళ్ళు కొందరు తప్పకుండా ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలీవు. ఎవరెవరో వాళ్ళ ఇంటివాళ్ళకి కూడా ఎప్పటికీ తెలీదు.

వాళ్ళకి అన్యాయం జరిగిందా? జరగలేదనే అనుకుంటాను, ఎందుకంటే ఆ రోజున ఎవరికీ తెలియదు, పైగా రోగినో, రోగికి తెలివి లేకపోతే చట్టప్రకారం వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళనో అడిగే చేర్చుకున్నారు. అడగకుండా చేసి ఉంటే నేనూ తాత పక్షమే. ఇంకొకటి, ఆ పరీక్ష జబ్బు వచ్చిన కొద్ది వారాల్లోనే మొదలైంది కాబట్టి మూడు నెలల్లో జవాబు దొరికింది. ఆలస్యమైన కొద్దీ తెలియకుండా పోయేవాళ్ళు పెరుగుతారు. అందుకే తర్వాతి మహమ్మారికి మాస్కులు, పడకలు మాత్రమే కాదు, ఇట్లాంటి పరీక్ష ఎట్లా చేయాలో, జనాన్ని ఎట్లా అడగాలో కూడా ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోవాలి.

ఇదంతా తాతకి చెప్పాను. అంతా విని, "సరే, రేపు ఆ చీటీ నీకే తగిలితే?" అన్నాడు. నాకైతే ఒప్పుకుంటానని చెప్పాను. "మీ అమ్మకైతే?" అన్నాడు. దానికి ఇంకా జవాబు చెప్పలేదు.