పచ్చగానే ఉంది

చెట్టును పొట్టిగా ఉంచడం పాపమా, కాదా?

ఈ ప్రశ్న మీకు తమాషాగా తోచవచ్చు. రోజూ కరివేపాకు దూసి తాలింపులో వేసుకునేవాళ్ళం, తోటకూరను వేళ్ళతో సహా పీకి వండుకునేవాళ్ళం, మనకు చెట్ల విషయంలో పాపపుణ్యాల విచారణేమిటండీ అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి పక్కింటాయన పెరట్లో ఆ చెట్టును చూసేదాకా.

నేను బాపట్ల దగ్గర ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి. మా ఆవిడ పోయాక, "ఒక్కడివీ అక్కడెందుకు నాన్నా" అని మా అబ్బాయి నన్ను తన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ ఊళ్ళో నాకు దొరికిన మొదటి స్నేహితుడు ఈ పక్కింటి పెద్దాయన. ఒకప్పుడు వడ్రంగం చేసేవాడట. ఇప్పుడు ఉలి పక్కన పెట్టి కత్తెర పట్టాడు. పెరటినిండా పళ్ళేలు, పళ్ళేల నిండా మరుగుజ్జు చెట్లు. జపానువాళ్ళు బోన్సాయ్ అంటారు గదా, అవే.

అన్నిటిలోకీ ఒకదాని ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. ఎత్తు మూరెడు. చేటంత మట్టి పళ్ళెంలో ఉంది. కాని అది మొక్క కాదు, చెట్టే. మాను మెలికలు తిరిగి ఒక పక్కకు ఒరిగింది. బెరడు పాత పుస్తకం అట్టలా పొరలు పొరలుగా ఊడుతోంది. బూడిద కలిసిన పచ్చరంగు ఆకులు, వేలిగోరు కన్న పెద్దవి కావు. దాని వయసు 22 ఏళ్ళట.

"టీ-ట్రీ" అన్నాడు ఆయన.

నేను చటుక్కున ఒక ఆకు నలిపి వాసన చూశాను. తేయాకు వాసన రాలేదు. ఆయన నవ్వాడు. అసలు తేయాకుకూ దీనికీ చుట్టరికమే లేదట. కెప్టెన్ కుక్ నావికులు 1773లో న్యూజిలాండ్ తీరంలో దిగినప్పుడు దీని జాతి చెట్టు ఒకదాని ఆకులు కాచి టీకి బదులు తాగారు. ఆ ఆకునే బీరు కాచడంలోనూ వేశారు. అలా పేరు అంటుకుంది. మందుల షాపుల్లో అమ్మే టీ-ట్రీ నూనె కూడా దీన్నించి రాదు, మెలల్యూకా అనే మరో చెట్టునుంచి వస్తుంది. దీని శాస్త్రీయనామం లెప్టోస్పెర్మమ్. అన్నిటికన్న నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఏమిటంటే, ఈ రెండూ మన జామకూ, నేరేడుకూ, లవంగానికీ, జామాయిల్‌కూ దాయాదులే. పరాయి దేశంలో పరాయి చెట్టనుకుని పలకరిస్తే బంధువే అయిందన్నమాట!

ఇంటికొచ్చి ఉత్సాహంగా చెబితే మా కోడలు మొహం చిట్లించింది. "పాపం కాదూ మామయ్యగారూ! నిలువెత్తున పెరగాల్సిన చెట్టును తీగలతో కట్టేసి, వేళ్ళు కోసేసి... దాన్ని చూసి ఆనందించడమేమిటండీ?"

నిజమే గదా అనిపించింది. మర్నాడు ఆ మాటే పెద్దాయనతో అన్నాను. ఆయన వాదించలేదు, పని చూపించాడు. లేత కొమ్మకు అల్యూమినియం తీగ చుట్టి నెమ్మదిగా వంచాడు. ముదురు కొమ్మ జోలికి పోలేదు, వంచబోతే ఫట్టున విరుగుతుందట. 'మొక్కై వంగనిది మానై వంగునా' అని మన పెద్దలన్న మాట ఇంగ్లీషులో ఆయనకు చెబితే ఎంతో సంతోషించాడు. కత్తెర వేసేటప్పుడు ఇంకో నియమం. ఆకు ఉన్నంత మేరకే కోయాలి. ఆశపడి ఆకులేని మోడు దాకా కోస్తే ఆ కొమ్మ మళ్ళీ చిగురించదు. మన వేప, చింత అయితే మొండెం మిగిల్చినా చిగురు తొడుగుతాయి. ఇది అలా కాదు. కుర్చీలో కూర్చుని ఆ కత్తెర కేసి చూస్తుంటే, నా దగ్గర లెక్కలు తప్పి గోడకుర్చీ వేసిన కుర్రాళ్ళు కొందరు గుర్తొచ్చారు. వాళ్ళలో ఎవర్ని ఆకు దాకా కోశానో, ఎవర్ని మోడు దాకా కోశానో ఇప్పుడు ఎవర్నడగను?

ఆ ఆదివారం మా అబ్బాయి మమ్మల్ని పోర్ట్ ఫిలిప్ అఖాతం ఒడ్డుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఇసుక మీద ఇవే చెట్లు, ఎవరూ నాటనివి, వరసగా ఉన్నాయి. తీరపు టీ-ట్రీ అంటారట. పది పదిహేను అడుగుల ఎత్తు. ఉప్పుగాలి తోసి తోసి అన్నిటి తలలూ ఊరివైపు వాల్చేసింది. మానులు నేలమీద పాకి, మళ్ళీ లేచి, మెలి తిరిగి ఉన్నాయి. పెద్దాయన పళ్ళెంలో చేసిందంతా ఇక్కడ గాలి ఎప్పుడో చేసేసింది.

"చూశావా అమ్మాయ్! గాలి వంచితే ప్రకృతి, మనిషి వంచితే పాపమా?" అన్నాను. మా కోడలు జవాబు చెప్పలేదు. లెక్క తేలిపోయిందని నేను సంబరపడ్డాను. కాని ఆ లెక్కలో నేనొక అంకె వదిలేశాను. ఆ సంగతి జనవరిలో తెలిసింది.

జనవరి అంటే అక్కడ నడివేసవి. పెద్దాయన కూతురింటికి పది రోజులు ప్రయాణమై వెళ్తూ, నీళ్ళు పోసే పని నాకు అప్పగించాడు. "మిగిలినవాటికి ఒకపూట ఆలస్యమైనా ఫర్వాలేదు. టీ-ట్రీ మాత్రం ఎండకూడదు. ఎండ ముదిరితే రెండుపూటలా పొయ్యండి" అన్నాడు. లోతు తక్కువ పళ్ళెం, గుప్పెడు మట్టి. మూడు రోజులు పూజకు లేచినట్టు లేచి పోశాను. నాలుగోనాడు సంక్రాంతి. తెలుగువాళ్ళందరం ఒకచోట చేరాం. పులిహోర, అరిసెలు, పిల్లలకు భోగిపళ్ళు, చాలా రోజుల తరవాత నోరారా మాట్లాడుకోవడం. బయట ఉత్తరపు గాలి, 40 డిగ్రీలు దాటిన ఎండ. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి పడుకున్నాను.

తెల్లారి గుర్తొచ్చింది. పరుగెత్తి చూస్తే మట్టి అటుకుల్లా ఎండి ఉంది. చెట్టు మాత్రం నిక్షేపంగా ఉంది. ఒక్క ఆకు వాడలేదు, వాలలేదు, రాలలేదు. బతికిపోయాననుకున్నాను. రెండింతలు నీళ్ళు పోశాను. తక్కిన రోజులు ఒక్కపూట తప్పలేదు. చెట్టు పచ్చగానే ఉంది.

పెద్దాయన వచ్చాడు. చెట్టు ముందు నిలబడి చాలాసేపు చూశాడు. చిటికెనవేలి గోటితో ఒక కొమ్మ బెరడు కాస్త గీరాడు. ఇంకో కొమ్మ గీరాడు. తరవాత మాను మొదట్లో గీరాడు. బతికున్న చెట్టుకైతే గీరినచోట పచ్చగా ఉండాలి. అన్నిచోట్లా గోధుమరంగే కనిపించింది.

"ఎన్ని రోజులు?" అన్నాడు.

"ఒక్క రోజు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

దీని ఆకు చిన్నది, గట్టిది. దాహమేస్తే మందారంలాగా మొహం వేలాడేసి మనకు చెప్పదు. లోపల అంతా అయిపోయాక కూడా కొన్నాళ్ళు అలాగే పచ్చగా నిలబడుతుంది. ఆకులు రంగు మారేసరికి మనం పొయ్యగలిగే నీళ్ళేవీ ఉండవు.

క్షమించమన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీళ్ళు మరిచిపోయింది మీరు, నిజమే. కాని దాన్ని పళ్ళెంలో పెట్టింది నేను" అన్నాడు.

నేను వదిలేసిన అంకె ఇదే. సముద్రపు ఒడ్డున గాలి చెట్టును ఎంత వంచినా, కిందనున్న నేలను దానికే వదిలేసింది. నాలుగు నెలలు వాన పడకపోతే వేరు ఇంకో బారెడు కిందికి పోయి వెతుక్కుంటుంది. పరాయి నేలైనా సరే, నేలంటూ ఉంటే దానికి చాలు. ఇసుకదిబ్బలు కదలకుండా ఉండడానికని దక్షిణాఫ్రికాలో కేప్ తీరాన ఈ చెట్టునే నాటితే, తామరతంపరగా పెరిగి ఇప్పుడక్కడ పీకలేని కలుపై కూర్చుంది. అంత మొండిఘటం, పళ్ళెంలో మాత్రం ఒక్క రోజు ఎండకు ఆగలేకపోయింది. అక్కడ దాని బావీ, వానా, చెరువూ అన్నీ మన చెయ్యే. వంచినందుకు పాపం రాదు, పొట్టిగా ఉంచినందుకూ రాదు. నేలనుంచి విడదీసిన రోజున మనం దాని దాహానికి పూచీ పడ్డామన్న సంగతి మరిచిపోతే మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ పూచీ తీరేది కాదు. రోజూ పొద్దున కొత్తగా మొదలవుతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెట్టు గురించే ఆలోచిస్తున్నాననుకున్నాను. కాసేపటికి తెలిసింది, నా గురించేనని. మా అబ్బాయి ఇరవై ఏళ్ళ కిందట ఈ దేశంలో విత్తనంలా పడి, తన వేళ్ళు తనే దించుకున్నాడు. నా సంగతి వేరు. డెబ్భై దాటిన మానును వేళ్ళు కత్తిరించి తెచ్చి పళ్ళెంలో పెట్టారు. ప్రేమతోనే పెట్టారు, అందులో అనుమానం లేదు. పెద్దాయన తన చెట్లకు కుండీ మార్చినప్పుడు కొన్ని వారాలు నీడలో ఉంచి, పక్కనే ఉండి కనిపెడతాడు. మా వాడూ అలాగే, నేను వెళ్ళిన కొత్తలో రెండు వారాలు సెలవు పెట్టి నా పక్కనే ఉన్నాడు. తరవాత నిలదొక్కుకున్నాననుకున్నాడు. ఎందుకనుకోడు? రోజూ సాయంత్రం భుజాన సంచీతో లోపలికి వస్తూ, "ఎలా ఉన్నావు నాన్నా?" అంటాడు. "బాగానే ఉన్నానురా" అంటాను. ఒక్క ఆకు వాల్చను.

మరి ఇక్కడ పూచీ నీళ్ళు పోసేవాడి ఒక్కడిదేనా? చెట్టుకు నోరులేదు. నాకుంది గదా! నోరుండీ పచ్చగా నిలబడితే, రేపు గీరి చూసుకుని ఏడ్చేవాడు మా వాడు. ఆ ఏడుపు వాడికి మిగల్చడం ఏ న్యాయం?

మర్నాడు సాయంత్రం వాడు అలవాటుగా అడిగాడు. "బాగాలేదురా" అన్నాను. వాడు సంచీ దించకుండానే గాభరాగా దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"జ్వరం కాదు. పొద్దుటినుంచీ ఎవరితోనూ ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. నిన్నా అంతే. మొన్నా అంతే. ఒక పది నిమిషాలు కూర్చుంటావా?"

వాడు కూర్చున్నాడు. పది నిమిషాలు గంటన్నర అయింది. చీరాల సముద్రం, సరుగుడు తోటలు, వాడికి నేను పెట్టిన గోడకుర్చీ, అన్నీ వచ్చాయి. గోడకుర్చీ వాడు మరిచిపోలేదని ఆరోజే తెలిసింది.

పెద్దాయన నర్సరీనుంచి పెన్సిలంత టీ-ట్రీ మొక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంతా అయ్యాక నాకు మొక్క ఇవ్వడానికి ఆయనకు మనసెలా వచ్చిందో! అది ఇంకా నర్సరీ కుండీలోనే, మా మెట్ల పక్కన ఉంది. పళ్ళెంలో పెట్టాలో, పెరట్లో దడిపక్కన నేలలో నాటాలో తేల్చుకోలేదు. పళ్ళెంలో పెడితే నా తరవాత నీళ్ళెవరు పోస్తారో ముందు కనుక్కోవాలి గదా.

అందాకా రోజూ పొద్దున్నే దాని దగ్గరికి వెళ్తాను. ఆకుల కేసి చూడను. వేలు మట్టిలో పెట్టి చూస్తాను.