పోటీ లేని అవకాశం

పెద్ద కాలేజీలో కబడ్డీ జట్టుకు వందమంది వస్తే పన్నెండుమందిని తీసుకుంటారు. చిన్న కాలేజీలో వచ్చేదే పన్నెండుమంది. అలా దొరికిన చోటు మనం సంపాదించుకున్నదేనా?

మా అక్క హోసూరులో ఒక చిన్న కాలేజీలో చదువుతోంది. నాటకంలో వేస్తుంది, ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉంది, తెలుగు వక్తృత్వానికీ తననే పిలుస్తారు. "వేరే ఎవరూ లేరు కాబట్టే కదా!" అని చుట్టాలు నవ్వుతారు.

ఆ మాట నిజమే. కానీ ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల శిబిరానికి పోవాలి. కాలేజీ చిన్నదని ఒక్క గంట కూడా తగ్గించరు. చోటు సులభంగా దొరికినా పని సులభం కాదు.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. పోటీ లేనిచోట సరిగ్గా చేయకున్నా చప్పట్లు కొడతారు. వాటిని నమ్మితే అక్కడే ఆగిపోతాం.

అయినా ఇంకో సంగతి ఆలోచించండి. పెద్దచోట నేను మానేస్తే నా వెనకాల ఇంకొకరు నిలబడి ఉంటారు. చిన్నచోట మానేస్తే ఆ పనే నిలిచిపోతుంది. అక్క మాట్లాడకపోతే వచ్చే ఏడు తెలుగు పోటీ పెట్టరేమో. కాబట్టి పోటీ లేని అవకాశం బహుమతి కాదు, బాధ్యత అని నా అభిప్రాయం. దానికి అర్హత ముందే ఉండనక్కరలేదు, పని చేస్తూ సంపాదించుకోవచ్చు.