అత్తవారి నేలలో పండుగలు

రాయ్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢీ కుటుంబంలో అడుగుపెట్టిన తెలుగు కోడలికి అత్తవారి నేల నిజంగా పరిచయమయ్యేది పెళ్లినాటి లాంఛనాలలో కంటే, వానాకాలమంతా వరుసగా వచ్చే వ్యవసాయ పండుగలలోనే అనవచ్చు. నాగలి, పార వంటి పనిముట్లను కడిగి పూజించే హరేలీనాడు పల్లెల్లో పిల్లలు, కాలు మోపడానికి అడ్డచెక్కలు బిగించిన ‘గేడీ’ అనే వెదురుగడలపై నడుస్తారు. ఆ తరువాతి అమావాస్యకు ఎద్దులను అలంకరించి, మట్టి ఎడ్లబొమ్మలను పూజించే పోలా వస్తుంది. తెలుగువారి పొలాల అమావాస్య కూడా ఆనాడే కాబట్టి, కొత్త కోడలికి ఆ ఇల్లు పరాయిదన్న భావన కొంత సడలడం సహజం.

 

అయితే అన్నింటికంటే లోతైనది వినాయక చవితికి ముందురోజు వచ్చే తీజా. భర్త క్షేమం కోరి నీరైనా ముట్టకుండా చేసే ఈ ఉపవాసాన్ని ఛత్తీస్‌గఢ్ స్త్రీలు పుట్టింట పాటిస్తారు. ముందటి రాత్రి కాకరకాయ కూరతో ‘కరూ భాత్’, అనగా చేదు అన్నం, తింటారు. ఆడపడుచులను తీసుకువెళ్లడానికి తండ్రులో సోదరులో వస్తారు, పుట్టింటివారు కొత్త చీర పెడతారు; జుట్టు నెరసిన అత్తగారు సైతం ఆ రోజుల్లో ఒక ఇంటి ఆడబిడ్డే.